సర్దుకోవడం ఎవరి పని?

సైకిల్ తొక్కేవాళ్ళు వేసుకునే నిక్కరు గురించి వ్యాసం రాయడమేమిటని నాకే చాలాకాలం అనిపించింది. కానీ ఆ నిక్కరు విషయంలో రెండేళ్ళపాటు నేనొక అబద్ధం చెబుతూ వచ్చాను. మా సైక్లింగ్ బృందంలో మగవాళ్ళు దాదాపు అందరూ బిబ్ షార్ట్స్ వేసుకుంటారు. నేను మామూలు షార్ట్స్ వేసుకుంటాను. "ఒకసారి బిబ్ వేసుకుని చూడండి మేడమ్, మళ్ళీ దీని జోలికి రారు" అని ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు సలహా ఇస్తారు. "అలవాటు లేదండీ" అనేదాన్ని. అసలు కారణం అది కాదు. అసలు కారణం పదిమంది మగవాళ్ళ మధ్య పైకి చెప్పలేకపోయాను. ఏళ్ళ తరబడి స్త్రీలు, శరీరం, సమాజం అంటూ క్లాసులో పాఠాలు చెప్పినదాన్ని. ఒక చిన్నమాట దగ్గర నోరు ఎందుకు పెగల్లేదో తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఈ బట్టలతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు మాటలు. రెండూ ఒంటికి అతుక్కుని ఉండే లైక్రా బట్టతో కుట్టినవే. రెండింటిలోనూ కూర్చునేచోట దళసరి మెత్త ఉంటుంది. ఒకప్పుడు దాన్ని షమ్వా అనే కొండమేక తోలుతో చేసేవారు, ఇప్పుడు ఫోమ్‌తో చేస్తున్నారు. లోపల ఇంకేమీ వేసుకోకూడదు. కుట్టు ఒరుసుకుంటే, మెత్త పక్కకి జరిగితే, యాభై కిలోమీటర్లు దాటాక చర్మం పుండవుతుంది. మామూలు షార్ట్స్ నడుము దగ్గర ఎలాస్టిక్ మీద నిలబడతాయి. బిబ్ షార్ట్స్‌కి నడుము పట్టీ ఉండదు. చిన్నపిల్లల పట్టీల నిక్కరులాగా రెండు పట్టీలు భుజాల మీదుగా వెళ్ళి దాన్ని పట్టి ఉంచుతాయి. హ్యాండిల్ మీదకి వంగినప్పుడు పొట్టని ఏదీ నొక్కదు, వీపు బయటపడదు, మెత్త ఉన్నచోటి నుంచి కదలదు. తొక్కినంతసేపూ బిబ్ మెరుగైనదన్న మాటలో అతిశయోక్తి లేదు. సైకిల్ దిగాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది.

నడుముకి బిగించేదేదీ లేకపోవడమంటే ఏమిటో నా ఈడు స్త్రీలకి చెప్పనక్కర్లేదు. లంగాబొందు ఒత్తుకుని నడుము చుట్టూ పడ్డ నల్లటి మచ్చ మా అమ్మకి ఉండేది, అమ్మమ్మకి ఉండేది, నాకూ ఉంది. స్నానం చేసేటప్పుడు దురదపెడితే కాస్త కొబ్బరినూనె రాసుకోవడమే గాని అదొక సమస్య అని ఎవరూ అనుకోలేదు. 2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు ఇద్దరు వృద్ధ స్త్రీల కేసుల్ని ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. దశాబ్దాలపాటు బొందు బిగించి కట్టిన నడుము దగ్గర మానని పుండు చర్మ క్యాన్సర్‌గా మారిన కేసులవి. అది చదివాక నా నడుము తడిమి చూసుకున్నాను. మన భాషలో పనికి సిద్ధం కావడమంటే నడుం బిగించడం. ఎవరి నడుము, ఎంత బిగువు, ఎన్నేళ్ళు అని ఆ జాతీయం వాడేటప్పుడు మనం అడగం. అందుకే మొదటిసారి బిబ్ వేసుకుని ముందుకి వంగినప్పుడు పొట్ట నిండా గాలి పీల్చుకోగలిగిన ఆ హాయి నాకు చిన్నదిగా అనిపించలేదు.

ఆ బిబ్‌తో ఒక 200 కిలోమీటర్ల రైడ్‌కి వెళ్ళాను. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద నకిరేకల్ దాకా పోయి తిరిగి రావాలి. గడువు 13 గంటల 30 నిమిషాలు. చౌటుప్పల్ దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఆగాల్సి వచ్చింది. పెట్రోలు బంకులో టాయిలెట్ ఉంది, గడియ లేదు. బిబ్‌తో మూత్రానికి వెళ్ళాలంటే ముందు పైన వేసుకున్న జెర్సీ విప్పాలి. తర్వాత భుజాల మీది పట్టీలు దించాలి. తర్వాత మొత్తం మోకాళ్ళ దాకా లాగాలి. అంటే గడియ లేని తలుపు వెనక, తడినేల మీద, విప్పిన జెర్సీని పళ్ళతో పట్టుకుని, ఒక చెయ్యి తలుపుకి అడ్డం పెట్టి, సగం నగ్నంగా కూర్చోవాలి. బయట నాతోపాటు వచ్చిన మగవాళ్ళు ముందుభాగం కాస్త కిందికి లాగి, చెట్టు పక్కన నిలబడి, అర నిమిషంలో పని ముగించుకుని వచ్చారు. వాళ్ళూ బిబ్‌లోనే ఉన్నారు.

ఆ తర్వాత నేను చేసిన పని మీలో చాలామంది చేసి ఉంటారు. నీళ్ళు తాగడం మానేశాను. నార్కట్‌పల్లి దగ్గర కొబ్బరిబోండాం చేతిలో పెడితే వద్దన్నాను. ఎండ ముదిరింది. రెండు సీసాల్లోనూ నీళ్ళుండగానే నోరు ఎండగట్టుకుని తొక్కాను. గడువులోపలే వచ్చాను, అందరూ అభినందించారు. మూడోరోజుకి మూత్రంలో మంట, జ్వరం. వారం రోజులు మందులు వాడాను. బిబ్‌ని మడతపెట్టి బీరువాలో అడుక్కి తోసేసి మామూలు షార్ట్స్‌కి వచ్చేశాను. "అలవాటు లేదండీ" అన్నమాట అప్పుడు పుట్టింది.

ఇక్కడ నన్ను వేధించిన ప్రశ్న ఇది. నేను మామూలు షార్ట్స్‌ని ఎంచుకున్నానని అనవచ్చా? ఎవరూ బలవంతపెట్టలేదు. రెండూ నా ముందే ఉన్నాయి, కొనుక్కునే స్తోమత ఉంది. లాభనష్టాలు బేరీజు వేసుకుని ఒకటి తీసుకున్నాను. మార్కెట్ భాషలో ఇంతకంటే స్వేచ్ఛ ఏముంటుంది? కానీ మగవాడు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు తూచేది సౌకర్యం, ధర. నేను తూచింది తొక్కేటప్పటి హాయినీ, దిగినప్పటి మర్యాదనీ. వస్తువులు అవే అయినా మా ఇద్దరి ముందున్న ప్రశ్నలు వేరు. ఎంపికలు ఎన్ని ఉన్నాయని లెక్కపెడితే ఈ తేడా కనబడదు. ఒకటి తీసుకున్నప్పుడు ఏది వదులుకోవలసి వస్తోంది, అది నేనే ఎందుకు వదులుకోవాలి అని అడిగితేనే కనబడుతుంది.

పరిస్థితులకి తగ్గట్టు మనుషులు తమ కోరికల్నే కుదించుకోవడం గురించి అమర్త్యసేన్, మార్తా నుస్‌బామ్ చాలా రాశారు. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అని మనకీ తెలుసు. అయితే నా సంగతి అంతకంటే కాస్త ఘోరం. ద్రాక్ష పుల్లన అని నేను నమ్మలేదు, తియ్యగానే ఉందని రుచి చూసి మరీ తెలుసుకున్నాను. తెలిసి కూడా, అందనివ్వనిది ఏమిటో చెప్పకుండా, నాకే ఇష్టం లేదని చెప్పాను. లెక్కేసి రాజీపడ్డదానికి ఇష్టమని పేరుపెట్టాను. దానివల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే కాదు. బృందంలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు నన్ను చూసి, పెద్దావిడ షార్ట్స్ వేసుకుంటోంది కాబట్టి ఆడవాళ్ళకి అవే బాగుంటాయేమో అనుకున్నారట. నా అబద్ధం వాళ్ళకి సలహా అయిపోయింది.

మా అక్క కూతురు కూడా సైకిల్ తొక్కుతుంది. ఈ గోల అంతా విని, "పిన్నీ, ఇది ఫిలాసఫీ కాదు, జిప్ సమస్య" అంది. తన మాటలో నిజం ఉంది. ఆడవాళ్ళ కోసం వేరే రకాల బిబ్‌లు వచ్చాయి. కొన్నిటికి వెనక నడుము దగ్గర జిప్ ఉంటుంది, కొన్నిటికి వీపు మీద కొక్కెం. కొన్నిటికి వెనకపట్టీ బాగా సాగి, భుజాల మీది నుంచి తియ్యకుండానే కిందికి దిగుతుంది. రొమ్ముల మీద ఒత్తకుండా ముందు ఒకే పట్టీ మధ్యగా వచ్చేవీ ఉన్నాయి. అవి వేసుకున్న స్త్రీల జీవితం సులువైంది, కాదనను. కానీ వాటికి ధర ఎక్కువ, మన దుకాణాల్లో దొరకడం తక్కువ. దొరికినా గడియ లేని తలుపుకి జిప్ గడియ పెట్టలేదు.

నిజానికి ఈ జిప్‌కి పెద్ద చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో స్త్రీలు సైకిలెక్కినప్పుడు పొడుగు లంగాలు చక్రాల్లో చిక్కుకునేవి. లంగా మానేసి వదులు పైజామాలాంటి 'రేషనల్ డ్రెస్' వేసుకుంటే వీధిలో అల్లరిపెట్టేవారు. లండన్ దర్జీ ఆలిస్ బైగ్రేవ్ 1895లో ఒక లంగాకి పేటెంటు తీసుకుంది. కుట్లలో దాచిన తాళ్ళు, కప్పీల సాయంతో సైకిలెక్కేటప్పుడు అంచుని పైకి లేపుకోవచ్చు, దిగాక మళ్ళీ కిందికి దించుకోవచ్చు. ఎంత తెలివి! ఆ తెలివిని చూస్తే గర్వంగానూ ఉంటుంది, దిగులుగానూ ఉంటుంది. వీధి మారదు కాబట్టి ఆమె లంగా చేత గారడీ చేయించింది.

అదే కాలంలో రేషనల్ డ్రెస్ ఉద్యమ నాయకురాలు లేడీ హార్బర్టన్ ఇంకోదారి పట్టింది. 1898లో సర్రేలోని ఒక హోటల్‌కి సైకిల్ మీద ఆ దుస్తుల్లోనే వెళ్ళి భోజనం అడిగింది. కాఫీ గదిలోకి రానివ్వమని, కావాలంటే బారు పక్క గదిలో కూర్చోమని హోటల్ యజమానురాలు చెప్పింది. సైక్లిస్టుల సంఘం ఆమె తరఫున కేసు నడిపింది. 1899లో కేసు ఓడిపోయింది. ఒకామె బట్టని మార్చింది, ఒకామె చోటు అడిగింది. మనకి ఇద్దరూ కావాలి. బట్టల కంపెనీలు మొదటి దారిని మాత్రమే గుర్తుపెట్టుకున్నాయి, ఎందుకంటే దాన్ని అమ్మవచ్చు.

బిబ్ కొనుక్కోగలిగినవాళ్ళు ఎందరని, ఇది తీరికున్నవాళ్ళ సమస్య అని మీరు అనవచ్చు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ స్త్రీలు చీరలతోనే సైకిల్ నేర్చుకున్నారు, సరైన నిక్కరు కోసం ఆగలేదు. నిజమే. కాని నార్కట్‌పల్లి దగ్గర నేను వద్దన్న ఆ నీళ్ళ సంగతి ఆలోచించండి. నాట్లు వేసే కూలీలు, బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, గడియ లేని బడిలో చదివే ఆడపిల్లలు - వీళ్ళంతా బయటికి వచ్చేముందు చేసే లెక్కే నేనూ చేశాను. మగవాళ్ళకి ఉచితమైన మూత్రవిసర్జనకి ఆడవాళ్ళ దగ్గర డబ్బు ఎందుకు వసూలు చేస్తున్నారని అడుగుతూ ముంబైలో 2011లో మొదలైన ఉద్యమమూ, ఆ ఏడాదే శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి తెచ్చిన 'వై లాయిటర్' పుస్తకమూ ఈ లెక్కనే బయటపెట్టాయి. నా బిబ్ ధర వాళ్ళకీ నాకూ మధ్య గోడ. నా దాహం మాత్రం కాదు. ఆ దాహాన్ని "అలవాటు లేదండీ" అని కప్పేసినప్పుడు వాళ్ళనీ నన్నూ కలిపే ఒకే ఒక్క సంగతిని నేనే దాచేశాను.

మన ఆడవాళ్ళకి చిన్నప్పటి నుంచీ నేర్పే మాట ఒకటుంది: సర్దుకో. పైట సర్దుకో, కూర్చునేటప్పుడు బట్టలు సర్దుకో, అత్తగారింట్లో సర్దుకో. బట్టకీ బతుక్కీ ఒకటే క్రియ. సర్దుకోవడం ఎప్పుడూ తప్పని నేననను. ఎండలో 200 కిలోమీటర్లు తొక్కాల్సిన మనిషి ఉన్నదాంట్లో తనకి హాని తక్కువైనది ఎంచుకోవడం వివేకమే. శరీరాన్ని సిద్ధాంతానికి బలిపెట్టి, బిబ్ వేసుకుని, మళ్ళీ జ్వరం తెచ్చుకోవడం విప్లవం కాదు. తప్పల్లా సర్దుకున్న సంగతిని దాచిపెట్టి, అది నా స్వభావమని చెప్పడంలో ఉంది. అలా చెప్పిన ప్రతిసారీ సర్దుకోవలసిన రెండోవైపు - బట్ట కుట్టినవాడు, రోడ్డు వేసినవాడు, రూటు గీసినవాడు - పని లేకుండా తప్పించుకుంటాడు.

మొన్న డిసెంబరులో మళ్ళీ అదే సలహా వచ్చింది. ఈసారి చెప్పాను. "బిబ్ హాయిగానే ఉంటుందండీ. కానీ మూత్రానికి వెళ్ళాలంటే జెర్సీ మొత్తం విప్పాలి. మనం ఆగేచోట తలుపులకి గడియలుండవు. అందుకని నీళ్ళు మానేసి జబ్బుపడ్డాను." మూత్రం అన్నమాట దగ్గర గొంతు వణికింది. ఒకాయన హెల్మెట్ పట్టీ సవరించుకున్నాడు. ఒకాయన రోడ్డుకేసి చూశాడు. రూటు తయారుచేసే కుర్రాడు మాత్రం, "మేం ఎప్పుడూ గమనించలేదు మేడమ్" అన్నాడు. గమనించాల్సిన అవసరం రాలేదు నాయనా అన్నాను. కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిల్లో ఒకతె, తను కూడా పొద్దుటి నుంచి నీళ్ళు తాగలేదని అప్పుడు చెప్పింది.

తర్వాతి రైడ్ కాగితంలో ఆగే చోట్ల పక్కన ఒక కొత్త గడి చేరింది: టాయిలెట్, గడియ ఉందా లేదా. నాలుగు చోట్లలో ఒక్కదాని పక్కనే 'ఉంది' అని ఉంది. నేను మామూలు షార్ట్స్‌లోనే వెళ్ళాను. ఆ ఒక్కచోట ముగ్గురం ఆడవాళ్ళం వరసలో నిలబడి, సీసాలు ఖాళీ చేసి, మళ్ళీ నింపుకున్నాం.