ఎవరి పాపమూ కాదు

బిడ్డ చర్మం మీద కప్పగుడ్ల గుంపులా సన్నని పొక్కులు లేచి, అవి చితికి నీరో నెత్తురో కారుతుంటే, చూడవచ్చిన చుట్టాలు డాక్టరు కంటే ముందే కారణం తేల్చేస్తారు: తల్లి గ్రహణం పట్టించుకోలేదనో, పూర్వజన్మ పాపమనో. వైద్యులు దీన్ని లింఫాటిక్ మాల్‌ఫార్మేషన్ అంటారు. కడుపులో ఉండగానే లింఫ్ నాళాలు సరిగా అల్లుకోక తిత్తులుగా మిగిలిపోతాయి. చాలామందిలో దీని మూలం పీఐకే3సీఏ అనే జన్యువులో వచ్చిన మార్పు. అది సాధారణంగా తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించదు. పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక కణంలో పుట్టి, ఆ కణం సంతతికే పరిమితమవుతుంది. తల్లి నడవడికీ దానికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. దోషి లేని చోట దోషాన్ని వెతకడం భక్తి అనిపించుకోదు.

‘ఎలా వచ్చిందో సైన్సు చెప్పింది సరే, ఈ బిడ్డకే ఎందుకు రావాలి?’ అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. కానీ జబ్బు వచ్చినా కర్మే, తగ్గినా కర్మే అనే జవాబు దేన్నీ విడమరచి చెప్పదు. బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, కఫం, వాతం, రుతువుల మార్పు వంటి ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను అన్నిటికన్నా చివర ఉంచాడు. చరకసంహిత కూడా బలహీనమైన దైవాన్ని పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, జయిస్తుందని, ఆయుష్షంతా ముందే ఖాయమైతే వైద్యంతో పనే లేదని వాదిస్తుంది.

ఆ పురుషకారానికి నేటి ఉదాహరణ సిరోలిమస్ అనే మందు. 1964లో ఈస్టర్ దీవికి వెళ్లిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోని బ్యాక్టీరియా నుంచి సురేంద్రనాథ్ సెహగల్ బృందం దీన్ని వేరుచేసింది. 1999లో అమెరికాలో మూత్రపిండ మార్పిడి రోగులకు వాడే అనుమతి వచ్చింది. మారిన జన్యువు ఉసిగొల్పే, కణాల పెరుగుదలను నడిపే ఎంటార్ మార్గాన్ని ఇది అడ్డుకుంటుంది. మింగితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది, నోరు పూస్తుంది; పూతగా రాస్తే రక్తంలోకి చేరేది సాధారణంగా చాలా తక్కువ. పొక్కులు, కారడం తగ్గినట్టు చిన్న అధ్యయనాల్లో కనిపించింది. అయితే పూత లోతైన తిత్తుల దాకా వెళ్లదు, ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. ‘చూశారా, రాత చెరగలేదు’ అంటారేమో. తిరగబెట్టేది రాత వల్ల కాదు, మార్పు ఉన్న కణాలు అక్కడే ఉండటం వల్ల. కర్మను నమ్మేవారు దాన్ని తమ నడవడికి కొలతగా పెట్టుకోవచ్చు. ఎదుటివాళ్ల బిడ్డ ఒంటి మీద దాన్ని చదివే హక్కు మాత్రం వారికి లేదు.