మరువబడని అయిదవ పిచ్చుక

ధ్యాన భాగములు: మత్తయి 10:29, లూకా 12:6, 7, ఫిలిప్పీ 1:9



పిచ్చుకల ధర మత్తయి సువార్తలో ఒక విధముగాను, లూకా సువార్తలో మరొక విధముగాను ఉన్నది. మత్తయిలో ఒక కాసుకు రెండు. లూకాలో రెండు కాసులకు అయిదు. లెక్క ప్రకారము నాలుగే రావలెను. అయిదవది కొసరు. అంగడివాడు వెల కట్టకుండ ఇచ్చిన ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చెను. పొట్ట చేతపట్టుకొని మగ్గముల పనికి షోలాపూరు వచ్చిన మన పెద్దలకు ఇది ఎంత ఆదరణ! ఎవరి లెక్కలోను లేనివారు దేవుని లెక్కలో ఉన్నారు.

మరి ఆ పిచ్చుకను మనము ఎట్లు చూచుచున్నాము? కొంతం చౌక్ చుట్టుప్రక్కల మనకు తోటలు లేవు. గడప ముందు నాలుగు కుండీలు, మేడ మీద కొంచెము చోటు, అదే మన తోట. ఏప్రిల్, మే నెలలలో ఎండ నలభై డిగ్రీలు దాటును. మనలో అనేకులు గింజలు, నీళ్లు పెట్టుచున్నారు, సంతోషము. అయితే ప్రేమ తెలివితో కూడి వృద్ధి పొందవలెనని పౌలు ఫిలిప్పీ సంఘము కొరకు ప్రార్థించెను. తెలివి లేకుంటే పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్లగును.

మొదటిది, నీళ్లు. లోతులేని మట్టి మూకుడు చాలును. లోతుగా ఉంటే ఒక రాయి వేయండి, పిట్ట దానిపై నిలిచి త్రాగును. ప్రతి ఉదయము పాత నీళ్లు పారబోసి, మూకుడు తోమి, క్రొత్త నీళ్లు పోయండి. మురికి పాత్రవలన ఒక పిట్ట రోగము మరొకదానికి అంటును. వారము పది దినములు నిలిచిన నీటిలో దోమలు పుట్టి మన పిల్లలకే డెంగీ తెచ్చును.

రెండవది, మేత. జొన్నలు, సజ్జలు, బియ్యపు నూకలు మంచివి. చివ్‌డా, ఫర్సాణ్, శేంగా చట్నీ కలిసిన భాకరి ముక్కలు వేయవద్దు. ఉప్పు చిన్న పిట్టలకు హాని. బూజు పట్టిన గింజలు వాటి ఊపిరితిత్తులను చెరుపును. ఒక పూటకు తినగలిగినంతే వేసి, మిగిలినది ఊడ్చివేయండి. పిచ్చుక తన పసిపిల్లలకు పురుగులనే పెట్టును గనుక కుండీలలో పురుగుమందు చల్లకండి.

మూడవది, చోటు. పిల్లి పొంచియుండలేని ఎత్తున, నీడపట్టున పెట్టండి. మగ్గముల పేటలో మరియొక ఉరి ఉన్నది: తెగిన నూలు పోగులు. పిట్టలు గూటికని వాటిని తీసికొనిపోవును. అవి కాళ్లకు చుట్టుకొని బిగిసి, కాలే పోవును, కొన్నిసార్లు ప్రాణము పోవును. మన చేతిపని ఇంకొక ప్రాణికి ఉరి కాకుండునట్లు పోగులను సంచిలో వేసి మూతి కట్టండి. తల్లిపిట్టను గూటియొద్ద పట్టుకొనకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 22:6, 7).

నాలుగవది, పొరుగువాడు. పావురములకు గంపలకొలది గింజలు పోసినచో గుంపులు పెరుగును. వాటి రెట్టల ధూళి కొందరి ఊపిరితిత్తులను చెరుపును. ఇందునుబట్టియే 2025లో బొంబాయిలో కబూతర్‌ఖానాల మూసివేత జరిగినది. పక్షిని ప్రేమించి ప్రక్కింటి ముసలమ్మను దగ్గుకు అప్పగించుట ప్రేమ కాదు.

తెలివిగల ప్రేమకు మన బాప్టిస్టు చరిత్రలోనే సాక్ష్యమున్నది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చి బ్రదికించిరి. అన్నము కొరకు విశ్వాసులైరను మాట రాకుండ, కరవు కాలములో బాప్తిస్మములు నిలిపిరి. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పెట్టుట మాత్రమే కాదు, ఎట్లు పెట్టవలెనో ఆలోచించిరి.

ప్రియులారా, పిచ్చుకకు దేవుని బలిపీఠమునొద్ద నివాసము దొరికెనని 84వ కీర్తన చెప్పుచున్నది. మన మందిరపు చూరులో దానికి చోటు ఉన్నదా? ఆదివారపు బడి పిల్లలకు మూకుడు కడుగు పని ఒప్పగించండి. కొసరు పిచ్చుకను కనిపెట్టుట నేర్చిన బిడ్డ, రేపు మన వీధిలో ఎవరూ లెక్కచేయని మనిషిని కూడ కనిపెట్టును.

అట్టి మనస్సు దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.