ఒంటరి రాత్రికి ఆధారము

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:24, 25, 2 రాజులు 4:38–41, ద్వితీయోపదేశకాండము 33:27



ఒక రాత్రి అడవిలో ఒంటరిగా గడపి రావలెనను కోరిక ఈ దినములలో అనేక దేశముల యౌవనస్థులలో కనబడుచున్నది. వారు వీపున ఒక సంచి తగిలించుకొని వెళ్లుదురు. రెండు చెట్ల నడుమ గుడ్డ ఊయల కట్టి దానిలో నిద్రించుదురు. అడవిలో దొరకు పండ్లు, ఆకులు, పుట్టగొడుగులు ఏరి వండుకొని తిని, మరునాడు ఇల్లు చేరుదురు. స్వీడను దేశములో ఇట్టివారు అనేకులు కలరు. ఆ దేశపు నేలలో మూడింట రెండు వంతులు అడవియే. మన తెలుగు కుటుంబములనుండి చదువులకును ఉద్యోగములకును అచ్చటికి వెళ్లిన పిల్లలున్నారు. తోటివారిని చూచి వారును ఊయల కొనుక్కొని అడవికి బయలుదేరినచో ఆశ్చర్యము లేదు. ఇచ్చటి తలిదండ్రులకు మాత్రము ఆ రాత్రి కన్ను మూతపడదు. ఇల్లుండగా చెట్లకు వ్రేలాడనేల, అంగడియుండగా అడవికాయలు ఏరనేల అని వారు అడుగుదురు.

మేము దీనిని వెఱ్ఱితనమని త్రోసివేయము. యాకోబు ఒంటరిగా ప్రయాణమగుచు రాతిని తలగడగా చేసికొని నిద్రించిన చోటనే దేవుడు అతనితో మాటలాడెను. ఏలీయా అరణ్యములో బదరీవృక్షము క్రింద పండుకొనెను. మన ప్రభువు ఇంకను చీకటియుండగానే లేచి, జనులు లేని చోటికి వెళ్లి ప్రార్థించెను (మార్కు 1:35). ఏకాంతము మేలైనదే. అయితే ఈ యాత్రకు పోవువారిలో కొందరికి ఒక తలంపు కలదు. ఒక్క రాత్రియైనను ఎవరిమీదను ఆధారపడక బ్రదికి చూడవలెనని వారు అనుకొందురు. ఇది సాధ్యమేనా? వారు నిలుచు నేలను, వండుకొను కుండను, పండుకొను పడకను చూచితిమా, జవాబు దొరకును.

మొదటిది, వారు నిలుచు నేల.

స్వీడను దేశములో ఒక పాత ఆచారము కలదు. వారి భాషలో దానిని అల్లెమాన్స్‌రెట్టెన్ అందురు. ప్రతి మనిషికిని గల హక్కు అని దాని భావము. 1994లో చేసిన సవరణచేత అది ఆ దేశ రాజ్యాంగములోనికి కూడ ఎక్కెను. ఈ హక్కునుబట్టి ఒకడు పరుల అడవిలో నడువవచ్చును, ఇండ్లకు దూరముగా ఒక రాత్రి బస చేయవచ్చును, తానై పెరిగిన పండ్లను పుట్టగొడుగులను ఏరుకొనవచ్చును. అయితే ఇంటి పెరటిలో అడుగు పెట్టరాదు, పైరు త్రొక్కరాదు, పచ్చని కొమ్మ విరువరాదు, బ్రదికియున్న చెట్టు బెరడు ఒలువరాదు. ఎండకాలములో నిప్పు నిషేధింపబడినప్పుడు పొయ్యి రాజేయరాదు. వీటినన్నిటిని వారు రెండు మాటలలో ఇమిడ్చి తమ పిల్లలకు నేర్పుదురు: కలవరపెట్టకుము, పాడుచేయకుము. కనుకనే తెలిసినవాడు ఊయలను సన్నని త్రాటితో కట్టడు. బెరడు కోసుకొనిపోకుండ వెడల్పైన పట్టీలను చెట్టుకు చుట్టి కట్టును.

ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. పొరుగువాని ద్రాక్షతోటలో ప్రవేశించిన వాడు ఆకలి తీర తినవచ్చును గాని పాత్రలో వేసికొని పోరాదనియు, పంటచేనిలో వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును గాని కొడవలి వేయరాదనియు మోషే ధర్మశాస్త్రము విధించెను. ప్రభువుతో నడచుచున్న శిష్యులు ఆకలిగొని వెన్నులు త్రుంచినప్పుడు (మత్తయి 12:1, 2) పరిసయ్యులు విశ్రాంతిదినమును గూర్చి తప్పు పట్టిరే గాని దొంగతనమని అనలేదు. ఏలయనగా పరుని చేనిలో ఆకలిగొన్నవానికి పాలుకలదని వారికిని తెలియును.

ప్రియులారా, ఒంటరివాడు మొదటి పండు నోట వేసికొనక మునుపే ఒకని ఔదార్యము మీద నిలిచియున్నాడు. ఆ చెట్లు నాటినవాడొకడు, ఆ నేలకు పన్ను కట్టువాడొకడు. వాడు కంచె వేయక ఊరకున్నందున వీనికి విందు దొరకినది. మన పిల్లలు ఇంకొక సంగతి మరువరాదు. ఆ దేశపు హక్కు ఈ దేశములో చెల్లదు. మన అభయారణ్యములలో ప్రవేశించుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి కావలెను. మరియు నల్లమలలో చెంచులు తరతరములుగా గడ్డలు త్రవ్వి, తేనె తీసి బ్రదికిరి. మనకు వినోదమైనది మరియొకని పూటకూడు కావచ్చును. సరదాకు ఏరువాడు ఆకలికి ఏరువాని గంప ఖాళీ చేయరాదు.

రెండవది, వారు వండుకొను కుండ.

ఆగస్టు నెలలో ఆ ఉత్తరదేశపు అడవి నేల నిండ నీలవర్ణపు చిరుపండ్లు పండును. తరువాత లింగోను అను ఎఱ్ఱని పుల్లని పండ్లు వచ్చును. తేమగల చెట్ల నీడలో పసుపుపచ్చని పుట్టగొడుగులు మొలచును. వాటిని వెన్నలో వేయించి తినుట ఆ జనులకు పండుగ వంటిది. అయితే అదే అడవిలో తెల్లగా, నిర్మలముగా కనబడు వేరొక పుట్టగొడుగు మొలచును. దానికి ఇంగ్లీషువారు పెట్టిన పేరునకు నాశనము చేయు దూత అని అర్థము. దాని విషము ఉడికించినను పోదు. తిన్నవానికి కొన్ని గంటల వరకు ఏమియు తెలియదు. పిమ్మట వాంతులు, విరేచనములు కలుగును. ఆపైన ఒక దినము నెమ్మదించినట్లు కనబడును. బాగుపడితినని వాడు సంతోషించుచుండగనే లోపల కాలేయము చెడిపోవుచుండును.

2015లో జర్మనీ దేశమునకు శరణార్థులై వచ్చినవారిలో పలువురు ఈ జాతికే చెందిన మరియొక పుట్టగొడుగును తిని విషము పాలైరి. వారు తెలివిలేనివారు కారు. తమ స్వదేశములో తాము ఎరిగి తినుచుండిన దానిని అది పోలియుండెను. అక్కడి వైద్యులు వారి భాషలలో హెచ్చరిక పత్రములు వ్రేలాడదీయవలసి వచ్చెను. పోలికను నమ్ముట ఎంత అపాయము!

గిల్గాలులో కరవు కాలమందు జరిగినది చూడుడి. ప్రవక్తల శిష్యులకు వంట చేయవలసియుండగా, ఒకడు కూరాకులు ఏరుటకు పొలములోనికి వెళ్లి, అడవితీగ కాయలను ఒడినిండ కోసికొని వచ్చి, అవి ఎట్టివో తెలియకయే తరిగి కుండలో వేసెను. అవి మన మెట్టనేలలలో ప్రాకు చేదుపుచ్చ వంటివని పండితులలో అనేకుల అభిప్రాయము. అతని ఉద్దేశము మంచిదే. శ్రమపడెను, వంగి కోసెను, మోసికొని వచ్చెను. అయినను మంచి ఉద్దేశము విషమును విరువలేదు.

ఆ దినమున వారిని కాపాడినదేది? ఆ కుండ చుట్టు అనేకులుండిరి. రుచి చూచినవారు కేకవేసిరి. దైవజనుడు దగ్గరనుండెను, పిండి తెప్పించి కుండలో వేయగా అందులోని చెరుపు పోయెను. అదే కాయలు కోసినవాడు ఒక్కడే కూర్చుండి తినియుండినయెడల, కేకవేయువారెవరు? వినువారెవరు?

కాబట్టి అడవిలో ఏరి తినువారు ఒక కట్టడ పెట్టుకొనవలెను. నూటికి నూరుపాళ్లు తెలిసినదే కుండలో వేయవలెను. బహుశ ఇదేమో అనుకొన్నదానిని చెట్టుక్రిందనే విడువవలెను. చేతిఫోనులోని బొమ్మతో సరిచూచుకొనుట చాలదు. ఎరిగినవారి ప్రక్కన నడచి, వారు చూపగా నేర్చుకొనవలెను. జహీరాబాదు ప్రాంతపు చేలలో మన తల్లులు విత్తకయే మొలచు తుమ్మికూర, దొగ్గలికూర, అటికమామిడి కోసి వండుదురు. ఏది కూరకు వచ్చునో, ఏది రాదో, వారికి ఏ పుస్తకము చెప్పినది? అమ్మమ్మ చూపినది, ఆమెకు ఆమె అమ్మమ్మ చూపినది. ఒంటరివాని కుండలో పడు ప్రతి ఆకు వెనుక ఒక చూపిన వ్రేలు కలదు.

మన ఆత్మలకు పెట్టుకొను ఆహారము విషయములోను ఇంతే. నేడు అర్ధరాత్రి దుప్పటిలో ముసుగు తన్నుకొని, ఒంటరిగా, చేతిఫోనులో లెక్కలేని బోధలు వినువారున్నారు. వాక్యమువలె కనబడునదంతయు వాక్యము కాదు. విన్నదానిని సంఘములో పదిమంది నడుమ రుచి చూడనిండు. చేదైనయెడల ఎవరైన కేకవేయుదురు.

మూడవది, వారు పండుకొను పడక.

1492లో కొలంబసు పడమటి ద్వీపములకు చేరినప్పుడు అచ్చటి జనులు వలవంటి ఊయలలలో నిద్రించుట చూచెను. ఊయలకు ఇంగ్లీషువారు వాడు పేరు ఆ ద్వీపవాసుల మాటనుండి వచ్చినదే. అది వేడిదేశపు పడక. తడినేలకును పురుగుపుట్రకును ఎడముగా, గాలి తగులునట్లు వారు దానిని అల్లుకొనిరి. చలిదేశములో దానిని కట్టినవాడు మొదటి రాత్రియే ఒక పాఠము నేర్చుకొనును. వాడు మంచి దుప్పట్లు రెండు మూడు కప్పుకొనును. అయినను నడిరాత్రి వీపు గడ్డకట్టినట్లగును. ఇంకొకటి కప్పుకొన్నను ప్రయోజనముండదు. కారణమేమనగా చలి పైనుండి వచ్చుట లేదు, క్రిందినుండి వచ్చుచున్నది. ఒడలి బరువుకు క్రింది దూది అణగిపోయి వెచ్చదనము నిలుపలేకపోవును. ఊయల క్రిందుగా వీచు గాలి ఉన్న వేడిమిని ఎత్తుకొనిపోవును. అందుచేత ఎరిగినవారు ఊయలకు వెలుపల, అడుగుభాగమున, ఒడలి బరువు పడకుండ ఒక బొంతను వ్రేలాడదీయుదురు. ఆ బొంత పండుకొన్నవానికి కనబడదు. అది ఉన్నదని వాని వీపునకే తెలియును.

మోషే తాను చనిపోవుటకు ముందు ఇశ్రాయేలీయులను దీవించుచు, దేవుడు వారికి నివాసస్థలమనియు, ఆయన నిత్యమైన బాహువులు వారి క్రింద ఉన్నవనియు చెప్పెను. పైన అని చెప్పక, క్రింద అని చెప్పుట గమనింపుడి. నలువది సంవత్సరములు గుడారములలో పండుకొన్న ప్రజలకు ఆ మాట అర్థమైయుండును. పైన కప్పుకొనునది మనము సంపాదించుకొనవచ్చును. మనలను క్రిందనుండి ఎత్తి పట్టునది మనము కలుగజేసికొనినది కాదు.

ప్రియులారా, ఇంతవరకు మేము ఒక రాత్రి ఒంటరితనమును గూర్చి వ్రాసితిమి. అది కోరి తెచ్చుకొన్నది, తెల్లవారగానే తీరిపోవునది. అయితే ప్రతి రాత్రియు ఒంటరియైనవారు మన సంఘములోనే ఉన్నారు. భర్తను సమాధిచేసి తిరిగి వచ్చిన సహోదరి కలదు. బిడ్డలను దూరదేశములకు పంపి, గోడమీది పటములను చూచుకొనుచు పండుకొను ముసలి దంపతులున్నారు. వారిలో ఒకరు పోయినప్పుడు మిగిలినవారి రాత్రి ఎట్టిదో తలంచుడి. అడవిలో ఒక్క రాత్రి గడపు కుమారుని కొరకు తల్లి నిద్ర మానుచున్నది. ఆ తల్లి గడపు మూడువందల అరువదియైదు రాత్రులను గూర్చి ఎవరు నిద్ర మానుచున్నారు?

మరణము సంభవించిన ఇంటికి మనము తప్పక వెళ్లుదుము. పాటలు పాడుదుము, ప్రార్థింతుము, ఆదరణ కూటమునాడు భోజనము చేసి వత్తుము. ఇవన్నియు మంచి దుప్పట్లే, పైనుండి కప్పునవే. అయితే చలి క్రిందినుండి వచ్చును. అద్దె కట్టవలసిన తేదీ వచ్చును. బిడ్డ బడి ఫీజు వచ్చును. రాత్రివేళ రొమ్ము నొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రికి తోడు వచ్చువారు లేరను భయము వచ్చును. వెచ్చగా ఉండుమని నోటితో చెప్పి, శరీరమునకు కావలసినది ఇయ్యనివాని విశ్వాసమును యాకోబు ఏమని తీర్పు తీర్చెనో (యాకోబు 2:15–17) మనకందరికి తెలిసినదే. దేవుని బాహువులు నిత్యమైనవే. అయితే ఆయన వాటిని చాచునప్పుడు తరచుగా పొరుగువాని చేతులనే వాడుకొనును. క్రింది బొంతవలె, కనబడక, పేరు కోరక, బరువును నమ్మి ఉండుటకు ఆయన మనలను పిలుచుచున్నాడు.

ఒంటరిగా అడవికి వెళ్లు జాగ్రత్తగలవాడు బయలుదేరక మునుపు ఒకనితో చెప్పి వెళ్లును: నేను ఫలానిచోట ఉందును, రేపు ఈ వేళకు రాకపోయినయెడల వెదకుము. మన సంఘములో ప్రతి ఒంటరి ప్రాణికి ఇట్టివాడొకడు కలడా? ఆదివారము ఆ ముసలితల్లి కూర్చుండు చోటు ఖాళీగా ఉన్నయెడల, సాయంకాలములోగా ఆమె తలుపు తట్టువారెవరు? ఈ నెల ప్రతి కుటుంబమువారును ఒక్క పేరు ఎంచుకొని, తలుపు తట్టు ఆ భారము తమదిగా చేసికొనవలెనని మేము మనవి చేయుచున్నాము.

ఏకాంతమునకు వెళ్లు బిడ్డలను దేవుడు క్షేమముగా ఇంటికి చేర్చును గాక. ఏకాంతము విడువని వారిని ఆయన మన చేతులతో ఎత్తి పట్టును గాక. ఆమేన్.