మంచి మందు

మన మాటల కొంటెతనం చూడండి. జ్వరం తగ్గించేదీ మందే, సంసారానికి జ్వరం తెప్పించేదీ మందే. నా చిన్నప్పుడు మా వీధి చివర రెండు దుకాణాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి మందుల షాపు, రెండోది మందు షాపు. చూడ్డానికి మధ్యలో ఒక్క 'ల' తేడా. కానీ నెలాఖరున మొదటి షాపుకి వెళ్ళడానికి మా అమ్మ చేతిలో డబ్బు లేకపోవడానికి కారణం ఎప్పుడూ రెండోదే.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను, నలభై ఆరేళ్ళు వచ్చాక, పరాయి దేశంలో ఒక మందు దుకాణంలో గంటసేపు నిలబడి, తక్కువ ధరలో మంచి సీసా ఏదా అని వెతికానంటే మీరు నమ్ముతారా? పోనీ, నమ్మకపోయినా వినండి.

మా చెల్లెలు అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే ఊళ్ళో ఉంటుంది. రాయడం అలా రాస్తారు గానీ అక్కడివాళ్ళు 'లూవుల్' అని సగం మాట మింగేస్తారు. నేను వెళ్ళిన రెండో రోజు పొద్దున్నే ఉప్మా చేద్దామని వంటింటి అలమర తీశాను. మినప్పప్పు డబ్బాకీ చింతపండు డబ్బాకీ మధ్య పొడుగాటి సీసా ఒకటి కనిపించింది. అడుగున కాస్త, తేనె రంగులో ఏదో ఉంది. నువ్వులనూనె కాబోలనుకుని మూత తీసి వాసన చూశాను.

ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను.

"ఏమే, ఇదేమిటి? మీ ఆయనదా?"

"ఆయన ముట్టరక్కా. బర్బన్ విస్కీ. నాదే," అంది చెల్లెలు ఉల్లిపాయలు తరుగుతూ. తల కూడా ఎత్తలేదు.

ఆ రోజు ఉప్మాలో ఉప్పు వేశానో లేదో నాకు గుర్తులేదు.

మా నాన్న చెడ్డవాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. జీతం రోజున దారిలో ముందు జామపళ్ళ బండి తగిలితే మాకు జామపళ్ళు తెచ్చేవాడు. ముందు ఆ షాపు తగిలితే ఏమీ తెచ్చేవాడు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని పేపర్లో పడితే అమ్మ ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బాలో దాచుకుంది. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన రోజున పాయసం వండింది. ఆ పాయసం అరక్కముందే నాన్నకి ఎక్కణ్ణుంచో సీసాలు దొరకడం మొదలైంది. రెట్టింపు ధర పెట్టి తెచ్చుకునేవాడు. అందులో ఏముందో, ఎవరు చేశారో ఏనాడూ అడగలేదు. 1997లో నిషేధం సడలిస్తే, ధర తగ్గిందని సంతోషించాడు. మందులో మంచిదీ చెడ్డదీ ఉంటాయన్న మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ రాత్రి మరిది నిద్రపోయాక చెల్లెల్ని నిలదీశాను.

"ఎనిమిది నెలలైందక్కా. ఆఫీసులో అందరూ దాని గురించే మాట్లాడతారు. ఈ ఊరివాళ్ళకి అది మన ఆవకాయలాంటిది. మొదట్లో ఊరికే తెలుసుకుందామనుకున్నాను. తరవాత..." కాస్త ఆగింది. "నాలో నాన్న ఉన్నాడేమో చూసుకోవాలనిపించింది. భయపడుతూ బతికేకన్నా తెలుసుకోవడం మేలు కదా?"

"ఇంట్లో కిరసనాయిలు ఉందో లేదో చూడ్డానికి అగ్గిపుల్ల గీస్తారటే?" అన్నాను.

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తాగుడు అలవాటులో వంశం పాలు కూడా కొంత ఉంటుందని డాక్టర్లు చెబుతారు. ఆరోగ్యానికి ఏ హానీ చెయ్యనంత తక్కువ మోతాదు అంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఇవన్నీ పాఠంలా అప్పచెప్పాను. "తెలుసక్కా," అంది. తెలియనివాళ్ళకి చెప్పొచ్చు. తెలిసినవాళ్ళకి ఏం చెబుతాం?

ఆ శనివారం అది దుకాణానికి బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను. కాపలాకన్నమాట!

కమ్మీల వెనకనుంచి చెయ్యి దూర్చి, తల వంచుకుని కొనుక్కునే దుకాణాలే నాకు తెలుసు. ఇదేమో పెద్ద చీరల కొట్టులా ఉంది. అరలు అరలుగా, రంగురంగులుగా, దీపాల వెలుగులో సీసాలు. తెల్లమీసాల పెద్దాయన ఒకాయన ఎదురొచ్చాడు. మా చెల్లెలు ఏమాత్రం మొహమాటం లేకుండా, "నేను విస్కీకి కొత్త. ముప్ఫై డాలర్ల లోపు మంచిదేదో చెప్పండి," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. చీరల కొట్టులో ఆ మాట అనడానికి నాకు ఈనాటికీ నోరు రాదు. "ఏ రేంజిలో చూపించమంటారమ్మా?" అని అడగ్గానే, జేబుకి తగ్గట్టు కాకుండా పక్కనున్న ఆవిడ మొహం చూసి చెప్పే మనిషిని నేను. తెలియదని ఒప్పుకోవడం ఒక సిగ్గు, డబ్బు లేదని ఒప్పుకోవడం ఇంకో సిగ్గు. ఈ రెండు సిగ్గులూ కలిసే కదా మన చేత అక్కర్లేనివన్నీ కొనిపిస్తాయి!

ఆ పెద్దాయన మాత్రం మురిసిపోయాడు. తాళం వేసిన గాజు అలమర దాటి, నడుం వంచి, అడుగు అరలోంచి ఒక సీసా తీశాడు. చీటీ చదవడం ముందు నేర్చుకోమన్నాడు.

బర్బన్ అనిపించుకోవాలంటే వాడిన ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలిట. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఊరాలిట. ఒకసారి వాడిన పీపా బర్బన్‌కి మళ్ళీ పనికిరాదు, అలాంటివి చాలా స్కాట్లండుకి వెళ్ళిపోతాయి. రంగు కలపకూడదు, వాసన కలపకూడదు. కలిపితే నీళ్ళే కలపాలి. చీటీ మీద 'స్ట్రెయిట్' అని ఉంటే కనీసం రెండేళ్ళు ఊరిందని అర్థం. నాలుగేళ్ళ లోపుదైతే వయసు చెప్పి తీరాలి. అంటే నాలుగేళ్ళు దాటాకే వయసు దాచుకునే హక్కన్నమాట! మనకున్న హక్కే.

ఇక 'బాటిల్డ్ ఇన్ బాండ్' అన్న మాట ఉంటే, అది 1897లో వచ్చిన చట్టం. అంతకుముందు వ్యాపారులు పచ్చి మద్యంలో రంగులూ, పొగాకు రసం లాంటివీ కలిపి, ఏళ్ళ తరబడి ఊరిన సరుకని అమ్మేవారట. అందుకని ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్లో తయారై, ప్రభుత్వ అజమాయిషీ ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్ళు ఊరి, సరిగ్గా 100 ప్రూఫ్‌తో సీసాకెక్కితేనే ఆ మాట వేసుకోవాలన్నారు. ప్రూఫ్ అంటే ఏమిటో అనుకునేరు, అందులో సగం ఆల్కహాలు శాతం. నూరు ప్రూఫంటే సగానికి సగం.

అలాంటి సీసాయే ఆయన చేతిలో ఉన్నది. ఇవాన్ విలియమ్స్‌వాళ్ళ తెల్లచీటీ సీసా. ఇరవై డాలర్లకి అటూ ఇటూ. మొక్కజొన్నతో పాటు రై ధాన్యం ఎక్కువైతే మిరియాల ఘాటు వస్తుందనీ, రైకి బదులు గోధుమ వేస్తే మెత్తగా ఉంటుందనీ, అలా కావాలంటే మేకర్స్ మార్క్ చూడమనీ చెప్పాడు. కొత్తవాళ్ళు నాలుగు చుక్కలు నీళ్ళు కలుపుకుంటే తప్పులేదన్నాడు. ఎక్కువ ఏళ్ళు ఊరితే ఎక్కువ మంచిదనుకోవద్దన్నాడు. కొత్త పీపాలో మరీ ఊరితే చెక్క చేదు దిగుతుందిట. ఆవకాయకి కూడా అంతే కదా, ఊరడానికీ ఓ లెక్కుంది.

"మరి ఆ గాజు అలమరలోవి?" అని అడిగాను నేను.

పాపీ వాన్ వింకిల్ అనే సీసా గురించి చెప్పాడు. కంపెనీ వేసే ధర వందల డాలర్లయితే, చేతులు మారేసరికి వేలు పలుకుతుందిట. దాన్ని చేసే బఫలో ట్రేస్ డిస్టిలరీలోనే, గోధుమ వేసి, వెల్లర్ అనే ఇంకో బర్బనూ చేస్తారు. ఒకప్పుడు అది ఎవరూ చూడకుండా తక్కువ ధరకి అరల్లో పడి ఉండేదిట. రెండూ ఒక తల్లి బిడ్డల్లాంటివన్న సంగతి నలుగురికీ తెలిసేసరికి అదీ అరల్లోంచి మాయమైపోయింది. సీసాలోది మారలేదు. దాన్ని చూసే కళ్ళు మారాయి, అంతే.

మన దేశం సంగతే చూడండి. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100కి తగ్గించారు. తగ్గించాకే నూరు శాతం! అక్కడ అడుగు అరలో కూర్చున్న సీసాయే సముద్రం దాటగానే మన వాళ్ళ హాల్లో గాజు బీరువా ఎక్కి, వచ్చినవాళ్ళందరికీ దర్శనమిస్తుంది.

మనకి తెలియని వస్తువు ముందు నిలబడినప్పుడు ధర అనే అరువు కళ్ళద్దాలు పెట్టుకుంటాం. డాక్టరు ఫీజు ఎక్కువైతే హస్తవాసి మంచిదనుకుంటాం. బడి ఫీజు ఎక్కువైతే చదువు బాగుంటుందనుకుంటాం. ఆఖరికి పెళ్ళికొడుకుని కూడా జీతంతోనే తూస్తాం. అది తప్పని గట్టిగా అనలేను, అన్నీ తెలుసుకునే తీరిక ఎవరికుంది? కానీ ఆ అద్దాలు తియ్యడం మరిచిపోతే మాత్రం, మన నాలుక మనది కాకుండా పోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ అడుగు అర దగ్గరే నాకు ఇంకో ఆలోచన వచ్చి గుండె పట్టేసింది. ఖరీదైనదే మంచిది కాకపోతే, చవకైనదంతా చవకేనా? మా నాన్న తాగింది చవక మందే. దానికంటే ఖరీదైనది నేను ఈ జన్మలో చూడలేదు. అమ్మ గాజులు పోయాయి, నా కాలేజీ ఫీజు రెండుసార్లు గడువు దాటింది, ఆయన కాలేయం సంగతి సరేసరి. ఏ సీసా మీదా ఆ ధర వెయ్యరు. పీపాలో ఊరేటప్పుడు ఏటేటా కొంత ఆవిరై పోతుందిట, దాన్ని కెంటకీవాళ్ళు దేవదూతల వాటా అంటారు. నాన్న జీతంలోనూ అలాగే ఓ వాటా ఆవిరయ్యేది. దాన్ని తీసుకున్నవాళ్ళెవరూ దేవదూతలు కారు.

"మంచిది" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. ఆ పెద్దాయన చెప్పిన మంచి, కల్తీ లేకపోవడం. నిజమే, మెచ్చుకోవలసిందే. కల్తీ లేనిది మనిషికి మంచిది కావాలని ఎక్కడుంది? చట్టం పీపాకి కాపలా కాస్తుంది. తాగే మనిషికి ఎవరు కాస్తారు?

తెల్లచీటీ సీసాయే కొన్నాం. ఆ రాత్రి చెల్లెలు దాన్ని తెరిచి, దగ్గుమందు సీసాతో వచ్చే కొలత మూతతో కొలిచి పోసుకుంది. రెండు మూతలు, ముప్ఫై మిల్లీలీటర్లు. వారానికి ఒక్క రోజేనట. మొదటి రెండు నెలలూ బొమ్మసీసాల్లాంటి చిన్నవి కొని, ఏది నచ్చుతుందో చూసుకుని, ఆ తరవాతే పెద్ద సీసా కొందిట.

"ఒక్క చుక్క నాలిక్కి తగిలించుకో అక్కా. తెలియకుండా తిట్టడం దేనికి?"

తగిలించుకున్నాను. దాచడం దేనికి? మొదట మంట. తరవాత మాడబోతున్న బెల్లంపాకం వాసన. ఆ వెనకే, చెక్కబీరువా తీసినప్పటి వాసన. అన్నిటికీ వెనక, రాత్రి పదకొండింటికి తలుపు తీసినప్పటి నాన్న. నాలుగోదాన్ని దాటి మొదటి మూడింటినీ మెచ్చుకోవడం నా వల్ల కాలేదు. చెల్లెలికి అవుతోంది. అది ధైర్యమా, మరుపా, నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోను. చెప్పాలా వద్దా? దాచితే అమ్మకి ద్రోహం, చెబితే చెల్లెలికి. నేను నీళ్ళు నములుతుంటే అమ్మే అంది: "ఏమే, చిన్నది నీకు సీసా చూపించిందా?"

"నీకు తెలుసా!"

"కొన్న వారమే చెప్పింది. నీకైతే ఉపన్యాసాలిస్తావని చెప్పలేదుట." తరవాత కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "ఎన్నాళ్ళొస్తోంది సీసా?"

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. పేరు అడగలేదు, ధర అడగలేదు. కాఫీపొడి గురించీ గ్యాసు సిలిండరు గురించీ అడిగినట్టే అడిగింది. ఆ దుకాణంలో గంటసేపు నిలబడి ఇన్ని చీటీలు చదివిన నాకు తట్టని ప్రశ్న అది.

"కిందటిది ఆరు నెలలొచ్చిందట," అన్నాను.

చాలాసేపు అవతల చప్పుడు లేదు. "మీ నాన్నకి ఆరు గంటలొచ్చేది కాదు," అంది. "ఇది ఎన్నాళ్ళొచ్చిందో నాకు చెప్పమను. తగ్గితే ముందే చెప్పమను. నేనేం తిట్టనని కూడా చెప్పు."

చెప్పాను. చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. సొరుగులోంచి పెన్సిలు తీసి, ఆ తెల్లచీటీ అంచున, పెద్దాయన చూపించిన అక్షరాలన్నిటి కిందా, సీసా తెరిచిన తేదీ వేసింది. వేసి, సీసాని మళ్ళీ చింతపండు డబ్బా పక్కనే పెట్టింది.

నేను ఇంటికి తిరిగొచ్చి రెండు నెలలైంది. శుక్రవారం వచ్చిందంటే ఇప్పటికీ నాకు నిద్ర సరిగ్గా పట్టదు. అమ్మ మాత్రం హాయిగా నిద్రపోతోంది.