ఆరవ సూతకము



జాతి సూతకము, జనన సూతకము, మృత సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము అను ఐదును లింగధారులకు లేవని మన పెద్దలు నిర్ణయించిరి. పురుడు వచ్చిన ఇంట ఇతరులు దేవుని గదికి దూరముగా మెలగు దినములలో మన బాలింత స్నానము చేసి, విభూతి ధరించి, తన ఇష్టలింగమును తానే అర్చించుకొనగలదు. పుట్టిన శిశువునకు జంగమయ్య వచ్చి లింగధారణ చేయును. ఈ విషయమున మనకు కొంత గర్వము కలదు. అది న్యాయమైన గర్వమే. అయితే ఐదింటిని వీధి వాకిట వెళ్లగొట్టిన మన ఇండ్లలోనికి ఆరవది ఒకటి పెరటి వాకిట వచ్చి కూర్చున్నది. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

పసిబిడ్డ ఒడిలో నుండగా తల్లికి క్యాన్సరు వ్యాధి తేలిన ఇంటిని ఒకసారి తలచుకొనుడు. ఆదోని వైపు కావచ్చును, ప్రొద్దుటూరు వైపు కావచ్చును. రొమ్ములో గడ్డ తగిలినప్పుడు పాలు గడ్డకట్టినవని అందరును అనుకొందురు. కాపడము పెట్టుదురు, ఆకు కట్టుదురు, నెలలు గడచిపోవును. పాలిచ్చు తల్లికి గడ్డ లేచుట సామాన్యమే గనుక ఈ పొరపాటు తెలిసినవారికిని జరుగును. రెండు వారములలో కరగని గడ్డను వైద్యునికి చూపవలెను. ముక్క తీసి పరీక్షించిన పిమ్మట నిజము బయటపడును. ఆ దినము మొదలు ఇంటికి వచ్చు పోవు వారి నోట కొన్ని మాటలు వినవచ్చును. బిడ్డ పుట్టిన గడియ మంచిది కాదు, తల్లికి గండము తెచ్చినది అని ఒకరు. పూర్వజన్మమున ఏమి చేసినదో అని మరియొకరు. బిడ్డను ఆమెకు అందీయకుడు, అంటుకొనును అని వేరొకరు. చెప్పువారందరును చెడ్డవారు కారు. భయముతో చెప్పుదురు. కాని ఆ మాటలు పడు చోటు మెత్తనిది: ఒకటి పచ్చి బాలింత ప్రాణము, రెండవది రేపు పెరిగి పెద్దదై తన పుట్టుక వలన తల్లికి కీడు కలిగెనని వినబోవు బిడ్డ ప్రాణము.

కర్మమును గూర్చి మన శాస్త్రమేమనుచున్నది? దీక్షచే ఆణవ, మాయా, కార్మిక మలములు మూడును తొలగునని చెప్పుచున్నాము. గురువు హస్తమస్తక సంయోగము చేసి లింగమును కరమున ఉంచిన పిదప ఆ భక్తురాలు పూర్వజన్మపు ఖాతాను మోయుచు తిరుగునది కాదు. ఆమె రోగమును చూచి పూర్వ పాపమని పలుకు లింగవంతుడు ఆమెను మాత్రమే నిందించుట లేదు. తాను పొందిన దీక్ష పని చేయలేదనియు పలుకుచున్నాడు. ఈ చిక్కును చాలమంది గమనింపరు. గడియలు, దుర్ముహూర్తములు పట్టించుకొనవద్దని బోధించిన బసవేశ్వరుని పేర జయంతులు జరుపుచు, మూడు నెలల శిశువు నెత్తిన గండయోగము పెట్టుట ఎట్టి భక్తియో నాకు తెలియదు.

శాస్త్రము మాట అటుంచి, లోకములో ఈ వ్యాధి ఎట్లు వచ్చుచున్నదో చూతము. దీనికి కడప సీమలోనే ఒక గొప్ప దృష్టాంతము కలదు. పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె చుట్టుపట్ల, భూమిలో రాతినార దొరకును. ఆస్బెస్టాసు అనునది ఇదియే. వేంపల్లె సున్నపురాతి పొరలలోనికి ఒకానొక యుగమున నల్లరాతి ద్రవము చొచ్చుకొని రాగా, ఆ రెండును తాకిన చోట ఈ నార ఏర్పడినది. నిప్పుకు కాలదు, త్రుప్పు పట్టదు, నేయ వచ్చును, సిమెంటుతో కలిపి రేకులు పోయ వచ్చును. ఎందరో కూలీలు దానిని త్రవ్వి, దంచి, వేరుచేసి పొట్ట పోసికొనిరి. అది నిజాయితీ గల కాయకము. కాని ఆ నార కంటికి కనపడనంత సన్నని పోగులుగా విడిపోయి ఊపిరితో లోనికి పోవును. పోయినది కరగదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరు అను వైద్యుడును ఆయన సహచరులును రాతినార గనుల సీమలో 33 మందికి ఊపిరితిత్తుల పై పొరకు వచ్చు అరుదైన క్యాన్సరును వర్ణించిరి. వారిలో గనిలో ఎన్నడును పని చేయక, గనుల దరిని నివసించిన వారును ఉండిరి. 1965లో లండనులో మరియొక పరిశోధన వచ్చినది. అందులో భర్తల పని బట్టలు దులిపి ఉతికిన ఇల్లాండ్రు కనబడిరి. ధూళి లోనికి పోయిన నాటికిని వ్యాధి బయటపడు నాటికిని నడుమ ఇరువది మొదలు నలువది, ఏబది సంవత్సరములు కూడ గడచును.

2005లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒక తల్లికి, బిడ్డ పుట్టిన మూడున్నర నెలలకు, ఈ వ్యాధియే తేలినది. ఆమె ఏ కర్మాగారములోను పని చేయలేదు. చిన్ననాడు, కట్టడపు పని ముగించుకొని ధూళితో ఇంటికి వచ్చు తండ్రి కోటును తాను తొడుగుకొనెడిది. తండ్రిమీది ప్రేమతో చేసిన ఆ పనికి ముప్పది ఏండ్ల పిమ్మట ఫలము వచ్చినది. ఇచట పాపము ఎవరిది? కూలి చేసి బిడ్డలను పోషించిన తండ్రిదా? ఆయన కోటు కప్పుకొన్న పసిపిల్లదా? ఆమె కన్న శిశువుదా? ధూళి ప్రమాదమని ఎరిగియు కూలివానికి చెప్పక దాచిన వాడు ఎచటనైనను ఉన్నచో, పాపమను మాట వానికి సరిపోవును. మన దేశమున 1995లో సుప్రీంకోర్టు రాతినార పనివారి ఆరోగ్య పత్రములను, పనిలో చేరిన నాటినుండి 40 సంవత్సరములు గాని, పని విడిచిన పిదప 15 సంవత్సరములు గాని, ఏది తరువాతిదో అంతవరకు భద్రపరుపవలెనని యజమానులను ఆదేశించినది. నలువది ఏండ్ల క్రిందటి ధూళి నేటి రోగమగునని న్యాయస్థానమే గుర్తించిన పిదప, మూడు నెలల క్రిందటి పుట్టుక గడియను నిందించుటకు చోటెక్కడిది?

రాతినార ఒక దృష్టాంతమే సుమా. మన బాలింతలకు వచ్చు క్యాన్సరులలో అధిక భాగమునకు దానితో సంబంధము లేదు. గర్భాశయ ముఖ ద్వారపు క్యాన్సరునకు ఒక సూక్ష్మజీవి మూలము. దానికి బాలికల కీయదగిన టీకా కలదు. నోటి క్యాన్సరునకు పొగాకు, వక్క పెద్ద కారణములు. రొమ్ము క్యాన్సరు ఒక స్త్రీకి ఏల వచ్చెనో, పొరుగామెకు ఏల రాలేదో, పెక్కుసారులు వైద్యుడును చెప్పలేడు. కారణము తెలియని చోట ఊరకుండుట కష్టము. మనస్సు ఏదో ఒక పేరు వెదకుకొనును. ఆ పేరు పసిబిడ్డది కాకుండ చూచుటయే పెద్దల పని. (పులివెందుల దాకా పోనక్కరలేదు గాని, మన ఇండ్లపై సిమెంటు రేకులు ఇంకను ఉన్నవి. చెక్కుచెదరక ఉన్నంతవరకు భయము తక్కువ. వానిని రంపముతో కోయునపుడును, పగులగొట్టునపుడును ధూళి లేచును. ఆ వేళ తడుపుట, పిల్లలను దూరముగా ఉంచుట అవసరము.)

ఇక అంటు మాట. క్యాన్సరు తాకిడిచే గాని, ఊపిరిచే గాని, కలిసి తినుటచే గాని అంటుకొనదు. బయటి యంత్రముతో కిరణ చికిత్స పొందిన తల్లి ఇంటికి వచ్చి ఆ సాయంకాలమే బిడ్డను ఎత్తుకొనవచ్చును. ఆమె దేహమున కిరణములు మిగిలి ఉండవు. గొంతులోని థైరాయిడు గ్రంథి క్యాన్సరునకు అణుధార్మిక అయోడిను మందు ఇచ్చినచో మాత్రము కొన్ని దినములు పసివారికి దూరముండవలెను. ఎన్ని దినములో వైద్యులే చెప్పుదురు. మందుల చికిత్స జరుగు కాలమున చాల మందులు పాలలోనికి దిగును గనుక చన్నీయరాదు. మందు ఎక్కిన రెండు దినములు ఆమె మలమూత్రములను, వాంతిని శుభ్రపరచువారు చేతికి తొడుగు వేసికొని జాగ్రత్తపడవలెను. ఇంతియే. ఒడిలో ఉంచుకొనుటకు, జోల పాడుటకు, పాల సీసా తానే పట్టుటకు అడ్డు లేదు. పైగా చికిత్సలో ఆమె రక్తమున తెల్లకణములు తగ్గును. అప్పుడు దగ్గుతో, జ్వరముతో పరామర్శకు వచ్చిన బంధువే ఆమెకు ప్రమాదము. ఎవరు ఎవరిని చూచి దూరముగా నిలువవలెనో మనవారు తలక్రిందులుగా గ్రహించిరి.

చన్నీయలేకపోవుట చిన్న దుఃఖము కాదు. పాలు ఉబికి వచ్చుచుండగా మాత్రలు మ్రింగి వానిని ఎండగట్టుకొనవలెను. పాలపొడి డబ్బాపై తల్లి పాలే బిడ్డకు శ్రేష్ఠమని 1992 నాటి చట్టము ప్రకారము పెద్ద అక్షరములతో ముద్రింతురు. ఆ చట్టము మేలైనది, వ్యాపారుల ఆశకు కళ్ళెము వేసినది. కాని ఇంటిలో ఆ వాక్యమును దినమునకు ఎనిమిది సార్లు చదువు తల్లి ఒకతె ఉండును. ఆమె ఎదుట మనము దానిని మరల వల్లింపనక్కరలేదు. నీరు మరిగించి, సీసా మరిగించి, కొలత తప్పక కలిపి ఇచ్చుటయే చాలును. పెద్ద నగరములలో తల్లిపాల నిధులు ఉన్నవి. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో ఒకటి కలదు. పిన్నియో, అత్తయో తన పాలు పట్టదలచినచో ముందుగా ఆమెకు రక్తపరీక్ష చేయించి వైద్యుని అడుగవలెను.

తల్లితనమనునది పాలలోనే లేదని మన తెలుగువారికి పాల్కురికి సోమనాథుడు ఎప్పుడో చెప్పినాడు. బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదని ఆమె తలపోసి వగచినది. తల్లియే ఉన్నచో విషము మ్రింగనిచ్చెడిదా, వల్లకాటిలో తిరుగనిచ్చెడిదా అని ఆమె బాధ. కనుక తానే తల్లియై లింగమునకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, పాలు పట్టి, నిదురపుచ్చినది. ఆ బిడ్డకు జబ్బు చేసినదని తల్లడిల్లినది. కనని ఆమె తల్లి అయినది; శివుడు కాదనలేదు. ఈ కథను పురాణ కాలక్షేపమున విని తల ఊపిన మనము, రోగముతో పాలు ఇంకిన ఆడపడుచును సగము తల్లిగా చూచుట సరికాదు. ఆమె శస్త్రచికిత్సకు పోయిన దినములలో బిడ్డను గుండెకు హత్తుకొన్న జేజియు తల్లియే, రాత్రివేళ లేచి సీసా కడుగు తండ్రియు తల్లియే.

ఇచట ఒక కఠినమైన సంగతి చెప్పక తప్పదు. వ్యాధి తేలగానే కోడలిని పుట్టింటికి పంపి, బిడ్డను తమ వద్ద ఉంచుకొను అత్తవారిండ్లు ఉన్నవి. చికిత్స ఖర్చు తల్లిదండ్రులది, వంశము తమది అను లెక్క. బిడ్డ క్షేమము కొరకే అని వారందురు. కొంత నిజము ఉండవచ్చును కూడ; ఆసుపత్రి వార్డులో పసిబిడ్డ ఉండరాదు. పైన చెప్పిన అమెరికా తల్లి కూడ చికిత్స కాలమున బిడ్డను తన తల్లిదండ్రుల వద్ద విడిచినది. భేదము ఎక్కడనగా, ఆమె తెలిసి ఇచ్చి, మరల తీసికొన్నది. మనవద్ద అడుగకయే తీసికొందురు, తిరిగి ఎప్పుడు ఇత్తురో చెప్పరు. లింగధారణలో స్త్రీ పురుష భేదము లేదని సభలలో పలుకు మనకు, ఆ ఇంట కోడలి అంగీకారము అడుగవలెనని తోచకపోవుట వింత. భర్త పలుకవలసిన చోటు ఇదియే. అత్తమామల యెదుట నిలిచి, బిడ్డ ఎచట ఉండవలెనో ఆమెయు నేనును నిర్ణయింతుమని చెప్పగలిగినవాడు ఆమెకు సగము మందు ఇచ్చినవాడగును.

వ్యాధిని దాచుటకు మరియొక హేతువు పెండ్లి సంబంధములు. ఆ ఇంటి పిల్లను చేసికొనరని భయపడి చెల్లెలి పెండ్లి వరకు అక్క చికిత్సనే వాయిదా వేసిన ఇండ్లు ఉండుట దుర్భరము. వంశమున వచ్చు రొమ్ము క్యాన్సరులు కొద్ది భాగమే. అవి కూడ తెలిసినచో ముందుగా పరీక్షలు చేయించుకొనుటకు ఉపకరించును. సంబంధము అడుగ వచ్చిన పెద్దలు ఈ కారణమున లేచిపోకుండుటయే గణాచారము. ధర్మము కొరకు కత్తి పట్టుటను గణాచారమనుకొనువారు ఈ చిన్న సాహసమును చేసి చూడవలెను.

దాసోహము మాట మిగిలినది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అను పేర, పేదల క్యాన్సరు చికిత్సకు ఆధారముగా ఉన్నది. ఒకప్పుడు మద్రాసు అడయారు (1954), హైదరాబాదు ఎం.ఎన్.జె. (1955), బెంగుళూరు కిద్వాయి మాత్రమే దిక్కు. తరువాత హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి 2000లో తెరచిరి, తిరుపతిలో 2022లో క్యాన్సరు ఆసుపత్రి వచ్చినది, కర్నూలులోను రాష్ట్ర క్యాన్సరు సంస్థ వెలసినది. అయినను మూడు వారములకొకసారి మందు, లేదా వారమునకు ఐదు దినముల చొప్పున వారముల తరబడి కిరణములు అనిన, పల్లెనుండి వచ్చువారికి ప్రయాణము, బస, తోడు మనిషి కోల్పోవు కూలి, బిడ్డ పాలు, ఇవి వేరే లెక్క.

ఇచ్చుటకు మనవారు వెనుదీయరు. తీసికొనుటకు వెనుదీయుదురు. మేము దాసోహము చేయు ఇంటివారము, చేయి చాపుదుమా అందురు. కాని ప్రసాదమును చేయి చాపకయే ఎవరు స్వీకరింతురు? ఆయ్దక్కి లక్కమ్మ, భర్త మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, మిగిలినదానిని తిరిగి పోసి రమ్మన్నది. ఆనాటికి కావలసినది తీసికొనుట ఆమెకు సిగ్గు కాలేదు, మించినదే సిగ్గు. రోగి ఇంటివారికి ఆ కొలత చాలును. ఇచ్చువారికి మరియొక కొలత కావలెను: వేదికపై శాలువా కప్పి, ఛాయాచిత్రము తీసి ఇచ్చు వేయి రూపాయలకంటె, తెల్లవారుజామున కర్నూలు బస్టాండున దిగిన బాలింతకు వేడినీళ్ల చెంబు మేలు. కర్నూలు, హైదరాబాదు, తిరుపతి వంటి చోట్ల వసతి గల మఠములు ఒక గదిని ఇట్టివారి కొరకు విడిచి పెట్టగలవు. గదిలో పొయ్యి, పాలసీసాలు మరిగించుటకు మూత గల గిన్నె, తోడు వచ్చిన జేజికి ఒక మంచము ఉండవలెను. పైకప్పున ఊయల కట్టుటకు ఒక కొక్కెము కొట్టించుట మరువరాదు.