హాజరు పట్టీ నుంచి సెల్‌ఫోన్ దాకా

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" నిఘా మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వినిపిస్తుంది. చదువుకున్నవాళ్లూ అడుగుతారు, అధికారులూ అడుగుతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ దీనికి జవాబు చెప్పేముందు మనం మన చరిత్రను ఒకసారి తిరగేయాలి. ఏ తప్పూ చేయకుండానే పోలీసు పుస్తకంలోకి ఎక్కినవాళ్లలో మన తాతముత్తాతలు ఉన్నారు.

తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చి రాసిన తర్వాత అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం కింద మనిషి చేసిన పనిని కాదు, పుట్టిన కులాన్ని చూశారు. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌కు తెచ్చి కాపలా పెట్టారు. పేరు పిలిస్తే హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. వేలిముద్రలు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ, ఆ పేరు పడిన ఊళ్ల పిల్లలు ఆ తర్వాత కూడా చాలాకాలం అనుమానపు చూపుల మధ్యే పెరిగారు. ఆ పుస్తకం నేరం చేసినవాణ్ణి పట్టుకోవడానికి పుట్టింది కాదు. ముందు పేరు రాసుకుని, తర్వాత నేరం వెతికింది.

ఇప్పుడు ఆ పుస్తకం స్థానంలో సెల్‌ఫోన్ ఉంది. పోడు పట్టాల గురించి, పోలవరం నిర్వాసితుల గురించి, 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో నంబర్ 3 గురించి మన యువకులు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో రాస్తున్నారు. రాయాలి కూడా. పత్రికల్లో మనకు చోటు దొరకడం అరుదు. అయితే ఆ రాత ఎవరు చదువుతారో, ఎప్పుడు బయటికి తీస్తారో రాసినవాడికి తెలియదు.

ఝార్ఖండ్‌లో మన అన్నదమ్ములకు జరిగింది చూద్దాం. జంషెడ్‌పూర్‌లో జీత్‌రాయ్ హాన్స్‌దా ఆదివాసీ అధ్యాపకుడు, నాటకాలు వేసే మనిషి. 2017లో ఆదివాసీల ఆహారపు హక్కు గురించి, గొడ్డుమాంసం గురించి ఫేస్‌బుక్‌లో రాశారు. అరెస్టు జరిగింది 2019 మేలో. రెండేళ్లు ఆ మాట కాగితాల్లో పడి ఉండి, ఒకరోజు తలుపు తట్టింది. ఖూంటీ ప్రాంతంలో పత్థల్‌గడీ ఉద్యమం వచ్చినప్పుడు గ్రామసభల అధికారాలను, ఐదో షెడ్యూలు మాటలను రాళ్ల మీద చెక్కి ఊళ్ల ముందు నిలబెట్టారు. ఆ ఉద్యమం గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు 2018 జూలైలో ఇరవై మంది మీద రాజద్రోహం కేసు పెట్టారు. 2019 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం పత్థల్‌గడీ కేసులు వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. అంటే నిన్న రాజద్రోహమైనది ఇవాళ కాకుండా పోయింది. రాత మారలేదు, కుర్చీలో మనిషి మారాడు. ఇక "తప్పు చేయనివాడికి" అన్నప్పుడు, ఆ తప్పును కొలిచే తక్కెడ ఎవరి చేతిలో ఉందని అడగాలా వద్దా?

ఆ ఇరవై మందిలో స్టాన్ స్వామి ఒకరు. ఆదివాసీ ఖైదీల కోసం, భూముల కోసం దశాబ్దాలు పనిచేసిన పాదిరి. 2020 అక్టోబరులో భీమా కోరేగావ్ కేసులో ఆయన్ను అరెస్టు చేసేనాటికి వయసు 83. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణుకుతుంటే, నీళ్లు తాగే స్ట్రా కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. విచారణ మొదలు కాకుండానే 2021 జూలై 5న కన్నుమూశారు. ఆయన కంప్యూటర్‌లోకి దొంగచాటుగా చొరబడి ఎవరో పత్రాలు పెట్టారని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ 2022 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. దానికి జవాబు వినడానికి ఆయన లేరు.

ఇక్కడ రెండో పక్క కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వం అసలు ఎవరినీ చూడకూడదని మేము అనడం లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అలాంటి మాటను ఆపడం ప్రభుత్వం బాధ్యతే. ఆపకపోతే తప్పు పట్టాల్సింది మనమే. మరి గీత ఎక్కడ? 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేస్తూ ఆ గీత చూపించింది. చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం వేరు, హింసకు రెచ్చగొట్టడం వేరు. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా నేరం కావు. అయినా కొట్టేసిన ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోయింది. తీర్పు ఢిల్లీలో వచ్చినంత మాత్రాన మండలం స్టేషన్ దాకా నడిచి రాదు.

ఇంకొక సంగతి. ఫోన్ వినడానికి అనుమతి ఇచ్చేది హోంశాఖ కార్యదర్శి, దాన్ని సమీక్షించేదీ అధికారుల కమిటీయే. మధ్యలో న్యాయమూర్తి లేడు. తెలంగాణలో 2024లో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసునే చూడండి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టిన విభాగాన్ని ప్రతిపక్ష నాయకుల మీద, విలేకరుల మీద వాడారన్నది అందులోని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ అడవి పేరు చెప్పి కట్టిన కంచె ఊరి దాకా పాకగలదని అందరూ మొదటిసారి భయపడ్డారు. అడవిలో ఉన్నవాళ్లకు ఆ భయం ఎప్పటినుంచో తెలుసు.

అయితే నిఘా చేసే పెద్ద చెరుపు జైలు కాదని మా అభిప్రాయం. జైలుకు వెళ్లేది కొద్దిమందే. మిగిలిన వేలమంది లోపల ఒక కాపలావాడు కూర్చుంటాడు. రాయబోయే వాక్యాన్ని వాడే ముందు చదువుతాడు. "ఈ ఊరి పేరు వద్దు, ఈ అధికారి సంగతి వద్దు, ఆ పిల్ల ఎందుకు చచ్చిపోయిందో అడగొద్దు" అంటాడు. కొన్నాళ్లకు వాడి మాటే మన మాట అనుకుంటాం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే మూతపడితే ఊరి మంచిచెడ్డలు ఎవరికి తెలుస్తాయి? గూడెంలో పెద్దల ముందు ఒకడు కోపంగా మాట్లాడితే ఇంకొకడు మాటతోనే జవాబిస్తాడు. మాటకు మాటే జవాబు కావాలన్న ఆ నీతి ప్రభుత్వానికీ వర్తించాలి.

మరి అందరూ ధైర్యంగా రాసితీరాలా? అలా ఆజ్ఞాపించే హక్కు మాకు లేదు. మన ఉపాధ్యాయులు 1964 నాటి ప్రవర్తనా నియమాల కింద ఉద్యోగం చేస్తున్నవాళ్లు. ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తే సస్పెన్షన్ రావచ్చు. చాలా ఇళ్లలో జీతం తెచ్చేది ఆ ఒక్కరే. వాళ్ల మౌనాన్ని పిరికితనం అనడం అన్యాయం. తాను సురక్షితంగా పట్నంలో కూర్చుని, గూడెం కుర్రాడి పేరుతో ఘాటైన పోస్టు పెట్టించేవాడిది అంతకంటే పెద్ద అన్యాయం. ఎవరు రాస్తే ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే ఆలోచించడం కూడా నీతిలో భాగమే.

అందుకే మేము అడిగేది ధైర్యం కాదు, తోడు. రాసే పిల్లలకు ఉపాధ్యాయులు చేయగలిగింది ఒకటుంది. జీవో చేతికిచ్చి చదివించడం, తేదీ సరిచూడడం, విన్నదానికీ కన్నదానికీ తేడా నేర్పడం. నిజం గట్టిగా ఉన్న రాతను కోర్టులో నిలబెట్టడం తేలిక, తిట్టును నిలబెట్టడం కష్టం. పక్కవాడి పేరు, ఫొటో, ఊరు అతన్ని అడగకుండా పెట్టకపోవడం రెండోది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. రాసినవాణ్ణి స్టేషన్‌కు పిలిస్తే ఒంటరిగా పంపకూడదు. స్టూవర్టుపురంలో హాజరు పలికినప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరిగా పిలిచారు. ఒక్కొక్కరిగా పిలవడంలోనే ఆ పట్టీ బలమంతా ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. తప్పు చేయనివాడికీ భయం ఉంటుంది, ఉండడానికి కారణమూ ఉంది. ఆ భయం ఒక్కడి నెత్తిన పడితే వాడు నోరు మూసుకుంటాడు. ఊరు పంచుకుంటే వాడు రాస్తాడు.