హనుమ తనను తాను నిలదీసుకున్న రాత్రి

మొన్న ఒక తల్లి అడిగారు. "అయ్యా, మావాడికి 19 ఏళ్ళు. మగవాడంటే ఎలా ఉండాలో నేర్పే పుస్తకం ఏదైనా చెప్పండి" అని. సుందరకాండ ఇవ్వండమ్మా అన్నాను. ఆవిడ కొంచెం నిరాశపడ్డారు. పెళ్ళి కుదరడానికో, గ్రహదోషానికో పారాయణ చేసే పుస్తకం కదా అనుకున్నట్టున్నారు. మొత్తం 68 సర్గలు. ముందు 11వ సర్గ ఒక్కటి చదివించండి అన్నాను.

ఏముందందులో? రాత్రివేళ హనుమ సీతమ్మ కోసం రావణుడి అంతఃపురంలో వెతుకుతున్నాడు. అంతకుముందే మండోదరిని చూసి సీతమ్మే అనుకుని, సంతోషం పట్టలేక తోకను ముద్దుపెట్టుకున్నాడు, స్తంభాలెక్కి దూకాడు. అంతలోనే, రాముడికి దూరమైన తల్లి ఇలా నగలు పెట్టుకుని హాయిగా నిద్రపోతుందా అని తప్పు దిద్దుకున్నాడు. మళ్ళీ వెతుకులాట. పానశాలలో ఎక్కడ చూసినా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్న స్త్రీలు. అప్పుడు పట్టుకుంది భయం. నిద్రలో ఉన్న పరస్త్రీలను ఇలా చూశానే, ధర్మం తప్పానా అని.

ఎవరడిగారండీ ఆయన్ని? అక్కడ సాక్షి లేడు. నూరు యోజనాల సముద్రం దాటినవాడు, వచ్చింది రామకార్యం మీద. నాకన్నీ చెల్లుతాయి అనుకోవచ్చు. అనుకోలేదు. తన మనసునే పిలిచి నిలదీశాడు. ఇంద్రియాలను నడిపేది మనసు కదా, అది చలించిందా? లేదు. మరి స్త్రీని స్త్రీల మధ్యే వెతకాలి గానీ లేళ్ళ మందలో వెతికితే దొరుకుతుందా? ఇదంతా తేల్చుకున్నాకే వెతుకులాట మళ్ళీ మొదలుపెట్టాడు.

రావణుడికేం, బలం తక్కువా, చదువు తక్కువా? అదే భవనంలో పడుకుని ఉన్నాడు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు.

నిజం చెప్పాలి. చాలా ఏళ్ళు ప్రవచనంలో ఈ చోటు రాగానే నేనే దాటేసేవాణ్ణి. సభలో ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు, ఎందుకొచ్చిన ఇబ్బంది అని. ఒకసారి అలాగే దాటేసిన రోజున, ఒక కుర్రాడు అందరూ వెళ్ళేదాకా నిలబడ్డాడు. "గురువుగారూ, ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నాను, మానలేకపోతున్నాను" అన్నాడు. నేను కంగారుపడిపోయి, "రామనామం చేసుకో నాయనా" అని పంపించేశాను. వాడికి కావలసిన సర్గ ఆ పూట నా ఒళ్ళో పుస్తకంలోనే ఉంది. ఆ పిల్లవాడు మళ్ళీ కనపడలేదు.

అప్పటినుంచి దాటేయడం మానేశాను.

గీతాప్రెస్ వారి తెలుగు తాత్పర్యం దొరుకుతుంది. పుస్తకం వాడి చేతికిచ్చేసి ఊరుకోకండి, తండ్రులు పక్కన కూర్చుని చదవండి. అయ్యాక వాణ్ణి ప్రశ్నలతో గుచ్చకండి. వాడే ఏదైనా అడిగితే మాత్రం నాలాగా కంగారుపడకండి. 12వ సర్గలో హనుమకు, సీతమ్మ దొరకలేదన్న నిరాశ కమ్ముకుంటుంది. శనివారం వీడియో అక్కడినుంచి మొదలుపెడదాం. జై శ్రీరామ్.